వడ్డీ ముద్దే, సంతకం ఎవరిది?

హోసూరు చుట్టుపక్కల మన తెలుగు ఇళ్లలో అవ్వాతాతల దగ్గర, మేనమామల దగ్గర పెరుగుతున్న పిల్లలు ఎందరో. కన్నవాళ్లు బెంగళూరులోనో, గల్ఫ్‌లోనో పనిలో ఉంటారు. డబ్బు పంపుతారు, రాత్రి వీడియో కాల్‌లో మాట్లాడతారు. జ్వరం వస్తే పక్కన కూర్చునేది మాత్రం అవ్వే. నాలుగు తెలుగు అక్షరాలు దిద్దించేదీ అవ్వే. అసలు కంటే వడ్డీ ముద్దన్న మాట ఊరికే రాలేదు.

అయితే ముద్దు వేరు, సంతకం వేరు. సుకన్య సమృద్ధి ఖాతాల విషయంలో ఇది చాలామందికి తెలిసొచ్చింది. మనవరాళ్ల పేరున అవ్వాతాతలు తెరిచిన ఖాతాల్లో సంరక్షకులుగా తల్లిదండ్రులను గానీ, చట్టబద్ధ సంరక్షకులను గానీ చేర్చాలని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. అక్టోబరు 1 నుంచి అది అమలులోకి వచ్చింది. "ఇన్నాళ్లు కట్టింది మేము, ఇప్పుడు మేము ఎవరమూ కామా?" అని కొందరు పెద్దలు మా సంఘానికి వచ్చి బాధపడ్డారు.

వాళ్ల బాధ మాకు అర్థమవుతుంది. అయినా ఈ నిబంధన సరైనదేనని మేము అనుకుంటున్నాం. ఖాతా పిల్లదే, డబ్బు ఎక్కడికీ పోదు. మారేది సంరక్షకుల పేరు ఒక్కటే. 1956 నాటి చట్టం ప్రకారం హిందూ పిల్లలకు సహజ సంరక్షకులు తల్లిదండ్రులే. రేపు ఇంట్లో తగాదా వచ్చినా పిల్ల సొమ్ము పిల్లకే దక్కాలి కదా. అసలు చిక్కు మన అలవాటులో ఉంది. పదేళ్ల పెంపకాన్ని నోటిమాట మీద నడిపేస్తాం.

"దత్తత రాసుకుంటే సరిపోదా?" అని కొందరు అడుగుతున్నారు. తొందరపడకండి. హిందూ దత్తత చట్టం ప్రకారం దత్తత జరిగితే కన్నవారితో బంధం చట్టరీత్యా తెగిపోతుంది. ఒకసారి జరిగాక రద్దు చేసుకోవడం కుదరదు. కన్నవాళ్లూ పెంచేవాళ్లూ కలిసి బాధ్యత పంచుకునే ఇంటికి అది దారి కాదు. కన్నవాళ్లు లేకపోయినా, బాధ్యత వదిలేసినా, 1890 నాటి సంరక్షకుల చట్టం కింద జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు.

మిగతా ఇళ్లకు చిన్న పనులు చాలు. బడిలో, ఆసుపత్రిలో తమ తరఫున ఎవరు మాట్లాడవచ్చో కన్నవాళ్లు ఉత్తరం రాసి సంతకం చేయాలి. బడి రికార్డులో ఇద్దరి ఫోన్ నంబర్లూ ఉండాలి. పిల్ల జనన పత్రం, ఆధార్ నకళ్లు పెంచేవారి దగ్గర ఉండాలి. చదువు, వైద్యం, ఖర్చుల్లో ఎవరి మాట ఎంతవరకో ముందే అనుకోవాలి. అవ్వ వద్దన్నదాన్ని అమ్మ ఫోన్‌లో సరేనంటే, మధ్యలో నలిగేది పిల్లే.

ఆఫీసు కాగితాల మధ్య ఉద్యోగమంతా గడిపిన మాకు తెలిసింది ఒకటే: కాగితం అడగడం అనుమానం కాదు. ఈ ఉగాదికి పిల్లలు ఇంటికొచ్చినప్పుడు పచ్చడి తిన్నాక ఒక గంట కూర్చుని ఈ పని ముగించండి. ఉత్తరం రాయడం కష్టమైతే సంఘానికి రండి, మేము రాసిపెడతాం.