మండని దుంగలు

అమరకోశం చదువుకున్నవారికి అగ్నిహోత్రుడికి ఎన్ని పేర్లున్నాయో తెలుసు. వాటిలో రెండు మాత్రం ప్రతి గృహస్థూ జ్ఞాపకం పెట్టుకోదగ్గవి. ఒకటి వాయుసఖుడు, అంటే గాలికి నేస్తం. రెండవది కృష్ణవర్త్మ, అంటే నడిచిన దారిని నల్లబరిచేవాడు. గాలితో స్నేహం చెడిన నిప్పు మసిని కక్కుతుంది. బాలింత గదిలో పెట్టే కుంపటికైనా ఇదే సూత్రం, అమెరికాలో మన పిల్లల ఇళ్ళల్లో హాలు గోడలో మండే గ్యాస్ లాగ్ హీటరుకైనా ఇదే సూత్రం.

ఆ హీటరు చూడనివారికోసం రెండు ముక్కలు. చలిదేశాల్లో పూర్వం గోడలో పొయ్యి కట్టి, కట్టెదుంగలు పేర్చి మంట వేసుకునేవారు. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో కట్టెల స్థానంలో గ్యాసు వచ్చింది. పాత అందం పోకుండా సిరామిక్ పీచుతోనో, నిప్పుకు తట్టుకునే సిమెంటుతోనో అచ్చం దుంగల్లాంటివి పోతపోసి బర్నరుమీద అమరుస్తారు. మండేది గ్యాసే. దుంగలు కాగుతాయి గాని మండవు. కట్టె లేదు, బూడిద లేదు, ఇక దీనికి శుభ్రమేమిటని చాలామంది అనుకుంటారు. చిక్కంతా అక్కడే వుంది.

వీటిలో మూడు రకాలు. పొగగొట్టం గుండా పొగను పైకి పంపేవి మొదటి రకం. అద్దం బిగించి వుండి, బయటిగాలినే పీల్చి బయటికే వదిలేవి రెండవ రకం. పొగగొట్టమంటూ లేకుండా గదిలోని గాలితోనే మండి, మండగా వచ్చినదాన్ని గదిలోకే వదిలేవి మూడవ రకం. ఈ మూడవ రకాన్ని కాలిఫోర్నియాలో నివాసగృహాల్లో వాడనివ్వరు. వాడనిచ్చే చోట్ల దీనికొక కాపలా వుంటుంది. అది పైలట్ అనే చిన్నమంట. గాలిలో ప్రాణవాయువు మామూలుగా నూటికి 21 పాళ్ళుంటుంది. అది ఇంచుమించు 18 పాళ్ళకు దిగిందంటే ఆ చిన్నమంట నిలవలేక పక్కకు తొలుగుతుంది. దానికెదురుగా వుండే థర్మోకపుల్ అనే కడ్డీ చల్లబడి, గ్యాసు దానంతటదే కట్టుబడిపోతుంది. కాబట్టి హీటరు మాటిమాటికీ ఆరిపోతుంటే విసుక్కుని మళ్ళీమళ్ళీ వెలిగించకూడదు. గదిలో గాలి చాలడం లేదనో, పైలట్‌లో దుమ్ము చేరిందనో అది మనకు చెబుతున్న కబురది. ముందు కిటికీ తీయాలి, తరువాత మనిషిని పిలిపించాలి.

ఇక శుభ్రం సంగతి. గ్యాసూ, పైలట్టూ రెండూ కట్టేసి, పూర్తిగా చల్లారేదాకా కొన్ని గంటలు ఆగాలి. దుంగలు తీసేముందు ఏది ఎక్కడున్నదో ఫోటో తీసుకోవాలి. దుంగల అమరిక అందంకోసం మాత్రమే అనుకోవద్దు. ఒక దుంగ స్థానం తప్పి మంటకు అడ్డుపడితే గ్యాసు సగమే కాలి మసి కడుతుంది. వాటిని నీళ్ళతో కడగరాదు, సబ్బు తగలనివ్వరాదు. మెత్తటి రంగుల కుంచెతో, పిండిబొమ్మను తుడిచినంత నెమ్మదిగా దులపాలి. పగిలినదాన్ని అతికించకుండా అదే కంపెనీ దుంగను తెప్పించి పెట్టాలి.

బర్నరు కన్నాల్లోనూ, పైలట్‌కు గాలి వెళ్ళే సందులోనూ చేరే శత్రువులు చిన్నవే: దుమ్ము, తివాచీ నూగు, కుక్కపిల్ల వెంట్రుకలు, సాలెగూడు. పంపుస్టవ్ కాలంలో పిన్ను పెట్టి పొడవడం మన ఇళ్ళల్లో అలవాటు. ఇక్కడ ఆ విద్య పనికిరాదు. గ్యాసు వచ్చే కన్నం వెంట్రుకవాసి పెద్దదైనా లెక్కకు మించిన గ్యాసు వస్తుంది. కుంచెతో దులపడం, డబ్బాలో దొరికే గాలితో ఊదడం చాలు. సాంబ్రాణి పొగ, అగరువత్తులు, కొవ్వొత్తుల మసి, ఇవన్నీ గదిగాలిలో వుంటే బర్నరు వాటినీ పీల్చుకుంటుంది. పూజాపీఠం దీనికి దూరంగా వుండటం మంచిది.

అద్దాన్ని వేడిమీద తుడవకూడదు. దానిమీద పట్టే తెల్లటి పొరకు అమ్మోనియా కలిసిన మందు వాడితే మరక అద్దంలోనే నిలిచిపోతుంది. మంట ఏ రంగులో, ఏ ఆకారంలో వుండాలో హీటరుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ వుంటుంది. ఆ బొమ్మకూ మీ మంటకూ పోలిక తప్పినా, దుంగలమీద నల్లటి మసి కనిపించినా ఆర్పివేయాలి. ఏడాదికొకసారి, చలి మొదలు కాకముందే, పని తెలిసినవాడిచేత గొట్టాలూ బర్నరూ చూపించాలి. గ్యాసు వాసన వస్తే స్విచ్చి ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి, బయటినుంచే గ్యాసువారికి ఫోను చెయ్యాలి.

వాసన వచ్చే గ్యాసుకన్నా వాసన లేనిది మరింత భయంకరం. సరిగా మండని నిప్పునుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ రుచీ వాసనా ఏదీ లేదు. అది తలనొప్పిగా, వికారంగా, మగతగా వస్తుంది. అమ్మాయి పురిటికని సముద్రాలు దాటి వెళ్ళిన తల్లిదండ్రులు వీటిని ప్రయాణపు బడలికే అనుకునే ప్రమాదముంది. పగలు అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు వెళితే ఇంట్లో మిగిలేది పెద్దవాళ్ళిద్దరూ, పసిగుడ్డూ. చలికి తాళలేక తలుపులన్నీ బిగించి హీటరు ముందే కూర్చుంటారు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల బరువెక్కి, వాకిట్లోకి రాగానే తేలికపడితే అది బడలిక కాదు. వెంటనే పాపాయితో సహా బయటికి రావాలి. అక్కడినుంచే 911కు ఫోను చెయ్యాలి. ఈ విషవాయువును కనిపెట్టి కూతపెట్టే చిన్నయంత్రాలు దొరుకుతాయి. ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా ఒకటి వుండాలి. నెలకొకసారి మీట నొక్కి కూస్తుందో లేదో చూసుకోవాలి. హీటరు వెలుగుతుండగా దాని ముందు నిద్రపోవడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు.

కాబట్టి చలికాలంలో ప్రయాణం కట్టేవారు ఆవకాయ జాడీతోబాటు మూడు ప్రశ్నలు కూడా మూటకట్టుకు వెళ్ళాలి. మీ హీటరు పొగ ఎక్కడికి పోతుంది? ఈ ఏడు దాన్ని ఎవరైనా చూశారా? కూతయంత్రం ఎక్కడ బిగించారు? అల్లుడిగారిని అడగడమెలాగని మొహమాటపడవద్దు. మనవడు పీల్చే గాలి గురించి అడగడానికి అమ్మమ్మకు లేని అధికారం ఇంకెవరికుంది?