తుఫాను హెచ్చరిక ఉండగా ప్రయాణం: విశ్వాసమా, మొండితనమా?



మన కోస్తాలో అక్టోబరు, నవంబరు తుఫానుల కాలం. పెళ్లిళ్లు, సువార్త సభలు కూడా అప్పుడే పడతాయి. "అయ్యగారూ, తుఫానని ప్రయాణం మానుకుంటే అవిశ్వాసం కాదా?" అని కొందరు అడుగుతారు. కాదు. హెచ్చరిక విని ఆగడం కూడా విశ్వాసమే అని నా అభిప్రాయం.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదవండి. ఓడ ప్రయాణానికి కాలం మించిపోయింది. మంచిరేవుల దగ్గర పౌలు ప్రమాదముందని చెప్పాడు. శతాధిపతి మాత్రం ఓడ నడిపేవాడినీ, యజమానినీ నమ్మాడు. ఎక్కువమంది కూడా బయలుదేరుదామన్నారు. దక్షిణపు గాలి మెల్లగా వీచేసరికి ఇక పరవాలేదనుకున్నారు. కొంతసేపటికే ఊరకులోను అనే పెనుగాలి ఓడను పట్టుకుంది.

ఆ మెల్లని గాలి మనల్నీ మోసం చేస్తుంది. తుఫాను కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు గాలి ఆగుతుంది. అది దాటగానే ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. వాన తెరిపిచ్చిందని బండి తీయకండి.

పౌలుకు దేవుని వాగ్దానం ఉంది: ఓడలో ఒక్క ప్రాణమూ పోదు. అయినా నావికులు పడవ దించుకుని జారుకోబోతే, వాళ్లు ఓడలో ఉండి తీరాలన్నాడు. ఆ రాత్రి నాలుగు లంగర్లు వేశారు, తెల్లవారాలని ప్రార్థించారు. 276 మందీ ఒడ్డుకు చేరారు. వాగ్దానం ఉంది కదా అని ఎవరూ లంగరు మానలేదు.

1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వేలమందిని తీసుకుపోయింది. ఆనాడు చేతుల్లో ఫోన్లు లేవు. నేడు తుఫాను కబురు రోజుల ముందే మన చేతిలోకి వస్తోంది. దాన్ని దేవుని కృపగా తీసుకుందాం.

అధికారులు పునరావాస కేంద్రానికి వెళ్లమంటే మాత్రం ఆగకండి, పగలుండగానే వెళ్లండి. నెలలు నిండిన ఆడబిడ్డను ముందుగానే ఆసుపత్రికి చేర్చండి. ప్రాణం కాపాడే ప్రయాణం వేరు, పంతం కోసం చేసేది వేరు.

సభలు పెట్టే తోటి సేవకులకు ఒక మాట. వాయిదా అని మనమే ముందు చెప్పాలి. మనం చెప్పకపోతే చంటిబిడ్డను ఎత్తుకుని, ఆ గాలిలో ఆటో ఎక్కేది బీద విశ్వాసులే. "అయ్యగారు రమ్మన్నారు" అన్న ఒక్క మాట మీద వాళ్లు వస్తారు. షామియానా అడ్వాన్సు పోతే పోనివ్వండి, సభ వచ్చే నెల పెట్టుకోవచ్చు.

ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.