హత్షెప్సుత్ ప్రతిమలు: ‘రాణి’ అను మాట

ఈజిప్టు నేలిన హత్షెప్సుత్తును తెలుగున వ్రాయువారు సాధారణముగా ‘రాణి’ యందురు. ఆమె శిలాప్రతిమలపై చెక్కిన అక్షరములు చదివినవారికి ఈ మాట పొసగదు.

క్రీ. పూ. 15వ శతాబ్దిలో సుమారు 20 సంవత్సరములు పాలించిన ఈమె, దైర్ ఎల్ బహ్రీలోని తన ఆలయమున పెక్కు ప్రతిమలు నిలిపెను. ఎర్ర గ్రానైటున మలచిన పెద్ద ప్రతిమలలో ఆమె మోకరిల్లి, చేతుల కలశములు పట్టి, కృత్రిమపు గడ్డముతో, పురుషదేహముతో కానవచ్చును. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియములోని తెల్లని సున్నపురాతి ప్రతిమ వేరు. సుమారు 195 సెంటీమీటర్ల ఎత్తుగల ఈ ఆసీనమూర్తికి తలపాగ, నడుమువస్త్రము రాజువి. దేహము మాత్రము సన్నని స్త్రీదేహము. సింహాసనపు ప్రక్కలనున్న బిరుదములును స్త్రీలింగములే. ప్రభువను ‘నెబ్’ శబ్దము ‘నెబెత్’ అయినది. కుమారుడను ‘సా’ శబ్దము ‘సాత్’ అయి, ‘రే దేవుని కుమారుడు’ అను పరంపరాగత బిరుదము ‘కుమార్తె’గా మారినది. ఈ తకారమునకు గుర్తు రొట్టె ఆకృతిగల చిన్న అర్ధవృత్తము. శిల్పి దానిని మరువలేదు.

మూడవ థుత్మోసు కాలమున ఈ ప్రతిమలను విరిచి గుంటలలో పడవైచిరి. 1920 తరువాతి త్రవ్వకములలో విన్‌లాకు బృందము తునకలను వెలికితీసెను. ఇది పగయే యని చాలకాలము తలచిరి. మెడ, నడుము, మోకాళ్లకడ విరిచిన తీరునుబట్టి, పెక్కింటి విషయమున ఇది ప్రతిమల శక్తిని ఉపసంహరించు ఆచారమని 2025లో వెలువడిన ఒక పరిశీలన వాదించినది. గోడలపై ఆమె పేరు చెరిపిన మాట మాత్రము నిజమే.

లింగవిషయమున ఇంత జాగ్రత్తపడిన లేఖకులు ‘రాణి’ అనరేమి? పాలించు స్త్రీకి ఆ భాషలో ప్రత్యేకపదము లేదు. ‘హెమెత్ నెసుత్’ అనగా రాజు భార్య. రెండవ థుత్మోసు భార్యగా ఆమె ఆ హోదాలో నుండెను. సింహాసన మెక్కిన పిమ్మట రాజబిరుదములనే ధరించెను. తెలుగు ‘రాణి’కి పాలకురాలను అర్థమును కలదు గాని, ముందు తోచునది రాజు భార్యయే.

ఇచ్చట కాకతీయ రుద్రమ స్ఫురించుట సహజము. కాని రెంటిని ఒకే గాట కట్టరాదు. శాసనములలో రుద్రమ ‘రుద్రదేవ మహారాజు’. అచ్చట పేరే పుంలింగము. హత్షెప్సుత్ బిరుదములలో పదవి పురుషునిది, ప్రత్యయము స్త్రీది.

కావున తెలుగున ఆమెను ‘రాజు’ అనియే వ్రాయవలెను. గ్రాంథికమున చిక్కు లేదు. ‘రాజు ఏలెను’ అన్నచో లింగము తెలియదు. వ్యావహారికమున ‘ఏలాడు’, ‘ఏలింది’ అను రెంటిలో ఒకటి ఎన్నుకొనక తప్పదు. ‘రాజు ఏలింది’ అనుట చెవికి క్రొత్తగా నుండును గాని, ఆ సింహాసనపు ప్రక్కలనున్న వ్రాతయు అట్టిదే.