బలం గేదెకు, తెలుపు మనకు

బియ్యం కొనేవాళ్లు గుప్పెడు అరచేతిలో పోసుకుని వెలుతురుకు పట్టి చూస్తారు. తెల్లగా ఉందా, నూక ఎంత, పాతవేనా? ఆ తెలుపు కోసం గింజ ఏం పోగొట్టుకుందో మాత్రం ఎవరూ అడగరు.

వడ్ల మీది ఊక తీస్తే దంపుడు బియ్యం. దాని మీది గోధుమరంగు పొరలోనూ, కొసనున్న మొలకలోనూ ఉంటుంది థయామిన్, అంటే బి1 విటమిన్. అది లేని అన్నం నిప్పులేని పొయ్యిలో కట్టెలాంటిది. ఒంట్లోకి వెళ్తుంది గానీ శక్తిగా మారదు. లోటు ముదిరితే అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి, కాళ్లు వాస్తాయి, గుండె దెబ్బతింటుంది. అదే బెరిబెరి.

ఇది పరాయి దేశపు జబ్బేమీ కాదు. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో మన దేశంలో బెరిబెరికి పేరుపడ్డవి ఉత్తర సర్కారు జిల్లాలే. వరి పండే నేల, వరన్నం తినే జనం. మరి తమిళులూ తిన్నది వరన్నమే కదా? తేడా అంతా ఉప్పుడు బియ్యంలో ఉంది. వడ్లు నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టి మరాడిస్తే, ఆ ఉడుకులోనే పైపొరలోని విటమిన్ గింజలోకి దిగుతుంది. తర్వాత పాలిష్ పట్టినా కొంత నిలుస్తుంది. మనవాళ్లకు ఆ వాసన గిట్టలేదు, పచ్చి బియ్యాన్నే మరాడించారు. 1918లో వైద్య పరిశోధకుడు మెక్‌కారిసన్ కూనూరులో ఒక్క గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాద్ చేరింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

మర దగ్గర తవుడు పోయింది. ఇంట్లో మూడుసార్లు కడిగిన కడుగు కుడితి తొట్టిలో పడింది, వార్చిన గంజీ అందులోనే. బి విటమిన్లు నీళ్లలో కరిగేవి మరి. అసలు చిత్రం ఏమిటంటే, గేదెకు ఆ బి1 కోసం మన మీద ఆధారపడే అవసరం లేదు. దాని కడుపులోని సూక్ష్మజీవులే తయారుచేసి పెడతాయి.

ఇప్పుడు కుక్కర్లొచ్చి వార్చడం తగ్గింది, పళ్లెంలో పప్పూ గుడ్డూ చేరాయి, బెరిబెరి అరుదైంది. పాలిష్ మోజు మాత్రం తగ్గలేదు. తవుడుతో పోయేది బి1 ఒక్కటే కాదు, ఇనుమూ పీచూ కూడా. ఒకవైపు దాన్ని గీకేసి, మరోవైపు ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపిన గింజలు తయారుచేసి రేషన్ బియ్యంలో నూటికొకటి చొప్పున కలుపుతూ వచ్చారు. అవి నీళ్లలో తేలితే ‘ప్లాస్టిక్ బియ్యం’ అని ఆడవాళ్లు చాటలో ఏరి పారేశారు. తప్పు వాళ్లది కాదు, చెప్పకుండా పంచినవాళ్లది.

పొర ఉంచితే అందులోని నూనె ముక్కిపోతుంది, బియ్యం నిలవ ఉండవంటారు మిల్లర్లు. నిజమే. అందుకే ఏడాదికి సరిపడా కాకుండా నెలకు సరిపడా సింగిల్ పాలిష్ కొనుక్కోవాలి. సన్నబియ్యం ఇస్తున్నామని చెప్పుకొనే ప్రభుత్వాలు, వాటికి ఎంత పాలిష్ పట్టించారో కూడా బస్తా మీద అచ్చువేయించాలి.