వేగమునకు సత్యమే తూనిక

మన గ్రామములలో పండుగ దినములందు జరుగు ఎడ్ల బండలాగుడు పందెములను ఎఱుగనివా రరుదు. రైతు తన యెడ్లచేత ఏడాది పొడవునను దున్నించును, బండి తోలును. కాని పందెమునాడు అవి లాగునట్టి రాతిబండ బరువును ఏ పొలమునందును లాగవలసిన పని యుండదు. అయినను ఊరంతయు గుమిగూడి చూచును. బలమునకు హద్దెచ్చట నున్నదో కన్నులార చూడవలెనను కోరిక మనుష్యునకు సహజము.

ఇట్టి పందెమే కంప్యూటరు లోకమునందును కలదు. దానిని ఓవర్‌క్లాకింగ్ అందురు. మా పాఠశాల పై తరగతుల విద్యార్థులు కొందఱు దీనియందు మిక్కిలి ఆసక్తి చూపుచున్నారు. తలిదండ్రులు కొందఱు ఇది ధనమును పాడుచేయు పిచ్చి యని మందలించుచున్నారు. ఉభయ పక్షములందును కొంత న్యాయమున్నది గావున, ఈ విషయమున మా యభిప్రాయమును వ్రాయుట ఉచితమని తలచితిమి.

ముందుగా, ఈ విద్య యెట్టిదో తెలియనివారికై రెండు మాటలు. కంప్యూటరునందు లెక్కలన్నియు చేయునది ప్రాసెసరు అను సిలికాను తునక. భజనలో తాళము వేయువాని ననుసరించి తక్కినవారు పాడునట్లు, ఒక చిన్న క్వార్ట్జు స్ఫటికపు కంపనమునుండి పుట్టిన తాళము ననుసరించి ప్రాసెసరు అడుగడుగున పని చేయును. 1971 లో వెలువడిన ఇంటెల్ 4004 అను ప్రాసెసరు సెకనునకు సుమారు 7,40,000 అడుగులు వేసెను. నేటి యింటి కంప్యూటరులలో మేలైనవి 500 కోట్లకు పైగా వేయుచున్నవి. అనగా 5 గిగాహెర్ట్జులు. తయారుచేయువారు ఎండకాలమునందును, దుమ్ము నిండిన గదియందును చెడకుండ నడచునట్లు కొంత వెసులుబాటు విడిచి వేగమును నిర్ణయింతురు. ఆ నిర్ణయమును మీఱి తాళమును త్వరపెట్టుటయే ఓవర్‌క్లాకింగ్.

త్వరపెట్టుట ఊరక రాదు. వేగము పెరిగిన కొలది ప్రాసెసరునకు వోల్టేజి యెక్కువ కావలసి వచ్చును. అందు ఖర్చగు విద్యుచ్ఛక్తి వేగమును బట్టియు, వోల్టేజి యొక్క వర్గమును బట్టియు పెరుగును. రెంటిని నూటికి పది వంతున పెంచి చూడుడు: 1.1 ను మూడు మారులు గుణింపగా 1.331 వచ్చును. అనగా వేగము పది వంతులే పెరిగినను వేడిమి నూటికి ముప్పదిమూడు వంతులు పెరిగినది. ఆ వేడిమిని తీసివేయుటయే ఈ పందెములలో సగము విద్య. సామాన్యులు పెద్ద పంకాలతోను, నీటి గొట్టములతోను తృప్తిపడుదురు. పందెగాండ్రు ప్రాసెసరుపై రాగిపాత్రను బిగించి, అందు ద్రవ నత్రజనిని పోయుదురు. అది శూన్యమునకు దిగువ 196 సెంటీగ్రేడు డిగ్రీల యొద్ద మరగునట్టి ద్రవము. అంతకును మించినవారు ద్రవ హీలియము నుపయోగింతురు. దాని మరుగుస్థానము శూన్యమునకు దిగువ 269 డిగ్రీలు. అంత చలికి గాలిలోని తేమ మంచై, నీరై మదర్‌బోర్డును చెఱచును గావున, ముందుగా దానికి వాజలైనువంటి జిడ్డు పదార్థమును పూసి కాపాడుకొందురు.

ఈ విద్యకు ఆరంభమున పేదవాని యుపాయ మను పేరు తగియుండెను. 1998 లో వెలువడిన సెలెరాన్ 300ఎ అను చౌక ప్రాసెసరు 300 మెగాహెర్ట్జులది. మదర్‌బోర్డు తాళమును 66 నుండి 100 మెగాహెర్ట్జులకు మార్చినంతనే అది పెక్కుచోట్ల 450 మెగాహెర్ట్జులతో నిలుకడగా నడచి, ఎన్నో రెట్లు వెలగల ప్రాసెసరులకు దీటుగా నిలిచెను. 2000 లోని కొన్ని ఏఎమ్‌డి ప్రాసెసరులపై తెగియున్న సన్నని గీతలను మామూలు పెన్సిలుతో కలిపినచో, వేగమును మార్చుకొను వీలు కలిగెడిది. పెన్సిలులోని గ్రాఫైటు విద్యుత్తును ప్రవహింపనిచ్చు ననుట మన విద్యార్థులు చదువుకొన్న పాఠమే.

తరువాత పందెములు పెరిగినవి. 2011 లో ఏఎమ్‌డివారి ఎఫ్‌ఎక్స్ ప్రాసెసరు ద్రవ హీలియము చలువలో 8.429 గిగాహెర్ట్జులు చేరి గిన్నిస్ గ్రంథమున కెక్కెను. 2022 డిసెంబరులో ఇంటెల్ వారి ప్రాసెసరు మొదటిసారిగా 9 గిగాహెర్ట్జులను దాటెను. అంత వేగమున ఒక యడుగునకును మఱియొక యడుగునకును నడుమ వెలుతురు సయితము 3.3 సెంటీమీటరులే, అనగా రెండు వ్రేళ్ల వెడల్పే, పోగలదు!

ఇచ్చట తలిదండ్రులు వేయు ప్రశ్న న్యాయమైనదే: "ఇంత చేసి సాధించిన దేమి?" నిజము చెప్పవలెనన్న, ఆ శిఖరవేగముతో ఏ పనియు జరుగదు. ప్రాసెసరులోని భాగములలో పెక్కింటిని ఆపివేసి, కొన్ని క్షణములు మాత్రము ఆ యంకెను నిలిపి, ఋజువు తీసికొందురు. నత్రజని ఆవిరియైపోవును. కొన్ని సమయములందు ప్రాసెసరు శాశ్వతముగా చెడును. ఆ యంకె యొక్కటే ఫలమైనచో మేమును తలిదండ్రుల పక్షమే వహించెడివారము.

కాని మా దృష్టి నాకర్షించినది అంకె కాదు, ఆ యంకెను ఒప్పుకొనుటకు ఆ సంఘమువారు పెట్టుకొన్న కట్టుబాటు. పందెములలో చిరకాలముగా వాడుకలో నున్నది సూపర్ పై అను లెక్క. వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తిని, మన ఆర్యభటుడు 499 ప్రాంతమున 3.1416 అని చెప్పిన దానినే, పదిలక్షల స్థానములవఱకు, లేదా మూడుకోట్లకు పైబడిన స్థానములవఱకు గణించుట ఈ పందెము. 1995 లో టోక్యో విశ్వవిద్యాలయమున కనాడా ఆచార్యుని పరిశోధనశాలవారు దీనిని వెలువరించిరి. యంత్రము వేగపు మత్తులో నడుమ నెచ్చటనైన తప్పటడుగు వేసినచో, ఆ తప్పును పసిగట్టి గణనము ఆగిపోవును. అప్పుడు వచ్చిన కాలమునకు విలువ లేదు. తొందరగా చేసెను గదా యని సగము మార్కులు వేయు దయాళువు అచ్చట లేడు.

ఇంకొక సంగతి. 2013 లో విండోస్ 8 వాడుచున్న వారి ఫలితములలో ఒక వింత బయటపడెను. కంప్యూటరు నడుచుచుండగానే ఆధారతాళమును మార్చినచో, ఆనాటి ఇంటెల్ యంత్రములలో కాలము చెప్పు గడియారమే తప్పుచుండెను. తాళమును నూటికి ఆఱు వంతులు తగ్గించినచో అయిదు నిమిషములలో గడియారము 18 సెకనులు వెనుకబడును. అనగా యంత్రము నెమ్మదించినను, తక్కువ కాలములో పని ముగించినట్లు కనబడును! ఇందెవ్వరును మోసము చేయనక్కఱలేదు, కొలతబద్దయే అబద్ధమాడినది. అప్పుడు ఫలితములను నమోదుచేయు హెచ్‌డబ్ల్యూబాట్ సంస్థవారు ఆ తప్పును దాచక లోకమునకు చాటి, విండోస్ 8 తో సాధించిన ఫలితములను చెల్లవని తీసివేసిరి. కష్టపడి గెలిచిన బిరుదులను, గెలిచినవారి తప్పు లేకున్నను, విడిచిపెట్టవలసి వచ్చుట ఎంత కష్టమో ఆలోచింపుడు. అయినను సంశయముతో కూడిన విజయముకంటె విజయము లేకుండుటయే మేలని వారు నిర్ణయించిరి. ఈ నిర్ణయమును మేము 9 గిగాహెర్ట్జులకంటె గొప్పదిగా నెంచుచున్నాము.

ఇదే విద్యను వంచనకు వాడినవారును లేకపోలేదు. 1990 ప్రాంతపు దశకములో కొందఱు వర్తకులు తక్కువ వేగపు ప్రాసెసరులపై గుర్తును చెఱిపి, ఎక్కువ వేగపు గుర్తును ముద్రించి, ఎక్కువ వెలకు అమ్మిరి. కొన్నవాడు తన యంత్ర మేల మాటిమాటికి ఆగుచున్నదో తెలియక బాధపడెను. వేగమును మార్చుకొన వీలులేకుండ తయారీదారులు బంధము వేయుటకు ఈ మోసము ఒక కారణమయ్యెను. పందెగాడు చేసినదియు, వర్తకుడు చేసినదియు యంత్రము దృష్టిలో ఒక్కటే. ఒకడు తన సొత్తుపై చేసి, చేసినది చెప్పెను. రెండవవాడు పరుల సొత్తుపై చేసి దాచెను. భేద మంతయు అచ్చటనే యున్నది.

ఇక మా యెఱుకలోనే జరిగిన యొక సంగతిని చెప్పుదుము. మా విద్యార్థి యొకని తండ్రిగారికి చిన్న ఎరువుల దుకాణము కలదు. అప్పుపద్దులన్నియు ఇంటి కంప్యూటరునందే యుండెడివి. కుఱ్ఱవాడు తండ్రికి చెప్పకుండ ఆ యంత్రపు జ్ఞాపకభాగమును, అనగా ర్యామును, నిర్ణీత వేగమునకు మించి నడిపెను. యంత్రము ఆగలేదు. ఆటలు మునుపటికంటె చక్కగా నడచుటచే అతడు సంతోషించెను. రెండు మాసములైన పిమ్మట పద్దుల దస్త్రము తెఱచుకొనలేదు. ఆ నడుమ తీసియుంచిన నకళ్లను చూడగా, అవియు కొంచెము కొంచెముగా పాడైయుండెను. ఏ రైతు ఎంత బాకీ పడెనో తెలియు మార్గము లేదు. ఆ కుఱ్ఱవాడు తానై తప్పొప్పుకొని, తండ్రిగారి ప్రక్కన కూర్చుండి, చీటీలు వెదకి, రైతుల నడిగి, అనేక రాత్రులు పద్దులు తిరిగి వ్రాసెను. రైతులలో ఒక్కడును తన బాకీని తగ్గించి చెప్పలేదని తండ్రిగారు మాతో చెప్పిరి. "యంత్రము మొదటి దినముననే ఆగిపోయియున్న బాగుండెడిది, అయ్యవారూ, అది ఆగకుండుటయే నా కొంప తీసినది" అని ఆ విద్యార్థి పలికిన మాటను మేము మఱువలేదు.

విద్యార్థులారా! ఆగిపోవు యంత్రముకంటె తప్పుచెప్పుచు నడచు యంత్రము ప్రమాదకరము. మీ కీ విద్యయం దిష్టమున్నచో మేము వలదనము. అయితే నాలుగు మాటలు గుర్తుంచుకొనుడు. మీది గాని యంత్రమును, ఇతరుల పని ఆధారపడిన యంత్రమును ముట్టకుడు. ఎవరో విడిచిపెట్టిన పాత కంప్యూటరును సంపాదించి, పెద్దల యనుమతితో దానిపై నేర్చుకొనుడు. ఒకసారి ఒక్క మార్పే చేసి, దానిని నోటుపుస్తకములో వ్రాసి, యంత్రముచేత గంటలకొలది లెక్కలు చేయించి సరిచూచిన పిమ్మటనే మఱియొక మెట్టెక్కుడు. ద్రవ నత్రజని జోలికి మాత్రము పోవలదు. ఒక లీటరు ద్రవము సుమారు 700 లీటరుల వాయువై, మూసిన గదిలోని ప్రాణవాయువును తఱిమివేయగలదు. వాసన లేనందున హెచ్చరిక సయితము ఉండదు.

తలిదండ్రులకు మా మనవి యొక్కటే. పిల్లవాడు యంత్రమును విప్పినంతమాత్రమున చెడిపోయినాడని తలపవలదు. ఏమి మార్చితివి, ఎట్లు సరిచూచితివి అని అడుగుడు. నోటుపుస్తకము చూపగలిగినచో, వాడు ఆటలాడుటలేదు, శాస్త్రము నభ్యసించుచున్నాడు. చూపలేనిచో, అప్పుడు మందలింపుడు. ఒకే పలకనుండి కోసిన ప్రాసెసరులలో సయితము ఒకటి పరుగెత్తును, మఱియొకటి నిలుచును. ఏది యెంతవఱకు పోగలదో ఓపికతో కనుగొనువాడే మంచి పందెగాడు. పొరుగువాని యంత్రపు అంకెను తన యంత్రముపై రుద్దినవాడు దానిని కాల్చుకొనును. పిల్లల విషయమునను ఈ మాటను తలిదండ్రులును, ఉపాధ్యాయులమైన మేమును ఒకింత ఆలోచింపవలసియున్నది.

ఆ దుకాణపు కంప్యూటరు నేడు తయారీదారు నిర్ణయించిన వేగముననే నడుచుచున్నది. దాని ప్రక్కన కాగితపు పద్దుపుస్తక మొకటి ఉన్నది. ప్రతి శనివారము సాయంకాలము రెంటిని సరిచూచునది ఆ కుఱ్ఱవాడే.