పాత కారూ, కొత్త ఆల్టర్నేటరూ

పాత వస్తువుని ప్రేమించడమంటే దాన్ని ముట్టుకోకుండా ఉంచడమేనా? నా మటుకు నాకు కాదనే అనిపిస్తుంది. పని చేస్తూ మనతో తిరిగే వస్తువైతే అస్సలు కాదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఇంగ్లండులో ఉంటున్న మా తమ్ముడి దగ్గర 1960ల నాటి మోరిస్ మైనర్ కారుంది. దాంట్లో డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టించమని మా మరదలు, కూడదని వాడు. కార్ల గొడవ మనకెందుకు అనుకోకండి. నడిపేది ఎవరైనా, పిల్లని ఎక్కించుకుని పక్క సీట్లో కూర్చునేది మనమే కదా!

కారు నడుస్తుంటే బ్యాటరీని నింపే పని ఒకప్పుడు డైనమోది. ఆ కాలపు బ్రిటిష్ కార్లలో ఎక్కువగా కనిపించే లూకాస్ సి40 డైనమో బాగా తిరిగితే 22 ఆంపియర్ల దాకా ఇస్తుంది. లైట్లకీ వైపర్లకీ అది చాలు. చిక్కల్లా ఇంజను నిదానంగా తిరిగేటప్పుడే. అప్పుడది దాదాపు ఏమీ ఇవ్వదు. ఖాళీ రోడ్ల రోజుల్లో ఎవరికీ పట్టలేదు. ఇప్పుడో? అక్కడ చలికాలంలో సాయంత్రం నాలుగింటికే చీకటి. వాన, ట్రాఫిక్. లైట్లు, వైపర్లు, హీటర్ ఫ్యాను అన్నీ కలిసి బ్యాటరీని తాగేస్తుంటే దీపాలు మసకబారతాయి. "వెనకాల వచ్చే లారీవాడికి మేం కనపడాలా వద్దా వదినా?" అని మా మరదలు అడుగుతుంది. దానికి నా దగ్గర ఒక్కటే జవాబుంది.

డైనమోలో కరెంటు పుట్టేది తిరిగే భాగంలో. దాన్నంతా బ్రష్‌ల మీదుగా బయటికి తేవాలి, అందుకే మరీ వేగంగా తిప్పకూడదు. ఆల్టర్నేటర్‌లో కదలని తీగచుట్టలో పుడుతుంది, డయోడ్లు దాన్ని బ్యాటరీకి పనికొచ్చేలా మారుస్తాయి. చిన్న పుల్లీతో వేగంగా తిప్పుకోవచ్చు కనుక సిగ్నల్ దగ్గర ఆగినా ఛార్జింగ్ అవుతూనే ఉంటుంది.

మా తమ్ముడి మాటలోనూ నిజం లేకపోలేదు. డైనమోని విప్పి బ్రష్‌లు మార్చుకుంటే మళ్లీ కొన్నేళ్లు నడుస్తుంది. డయోడ్ పోతే రోడ్డు పక్కన ఏం చేస్తాం? ఏడాదికి రెండుసార్లు పగటిపూట ప్రదర్శనకి తీసుకెళ్లే కారైతే నేనూ వాడి పక్షమే. కానీ వాడు వారం వారం సాయంత్రం కూతుర్ని ఈతకి తీసుకెళ్లేది అందులోనే.

ఇక అసలుతనం పోతుందన్న బెంగ. 1962లో డైనమోతో వచ్చిన ఎం.జి.బి. కారుకి 1967 చివర్లో తయారుచేసినవాళ్లే ఆల్టర్నేటర్ పెట్టారు. అది ఎం.జి.బి. కాకుండా పోయిందా? మా అత్తగారి మండువా ఇంట్లో పాత వైరింగంతా పీకేసి కొత్తది వేయించాం. టేకు తలుపులు, మండువా అలాగే ఉన్నాయి. అందరూ ఇప్పటికీ దాన్ని అత్తగారి ఇల్లనే అంటారు.

అలాగని ఏదో ఒకటి తెచ్చి తగిలించమనను. ఆ పాత కార్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. ఇప్పటి ఆల్టర్నేటర్లకి మామూలుగా మైనస్ కావాలి. అది మార్చకుండా కలిపితే డయోడ్లు క్షణంలో కాలిపోతాయి. పాత రెగ్యులేటర్ పెట్టెని తప్పించాలి, ఎక్కువ కరెంటు మోసే లావు వైరు వెయ్యాలి. తెలిసిన మెకానిక్ చేయాల్సిన పని ఇది. చూపు మారకూడదనుకునేవాళ్ల కోసం పైకి డైనమోలా కనిపించే ఆల్టర్నేటర్లు కూడా దొరుకుతున్నాయి.

తీసిన డైనమోని మాత్రం పారెయ్యొద్దు. గుడ్డలో చుట్టి అటక మీద పెడితే, రేపు ఆ పిల్ల పెద్దదై పాతదే కావాలంటే మళ్లీ బిగించుకుంటుంది.

మీ ఇంట్లోవాళ్లు ఏ పాత వస్తువు గురించైనా "ఒరిజినల్‌గానే ఉండాలి" అన్నప్పుడు ఒక్క ప్రశ్న వెయ్యండి. దాన్ని చూడటానికి ఉంచుకున్నామా, వాడటానికా? వాడటానికే అయితే, వాడే మనుషుల క్షేమం తర్వాతే ఏదైనా.