మందుల చీటీ లేని కల్లు సీసా

భయంతో గుండె దడదడలాడి, ఊపిరాడక వచ్చిన రోగికి డాక్టరు రాసే అల్ప్రాజోలం బిళ్లలో అసలు మందు సాధారణంగా పావు మిల్లీగ్రామో, అర మిల్లీగ్రామో ఉంటుంది. ఆ లెక్కన కిలో పొడితో 40 లక్షల పావు మిల్లీగ్రాము బిళ్లలు చేయొచ్చు. తెలంగాణలో ఆ పొడి కిలోల కొద్దీ పట్టుబడుతోంది. 2025 సెప్టెంబరులో సికింద్రాబాద్ పాత బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు బడి భవనంలోనే దాని తయారీ బయటపడింది. ఆ సరుకు చేరేది మందుల షాపులకు కాదు, కల్లు డిపోలకు.

చెట్టు మీంచి దించిన కల్లు ఎంత పులిసినా దాని మత్తు బీరు పాటిదే. తాటిచెట్లు, ఈతచెట్లు ఇచ్చేది కొంత, తాగేవాళ్లు బోలెడంత. నీళ్లు, శాకరిన్ కలిపితే సీసా నిండుతుంది కానీ మత్తెక్కదు. ఆ లోటు తీర్చడానికి వ్యాపారులు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం పట్టుకున్నారు. మూడూ వైద్యులు వాడినవే. మొదటిది 1869 నాటి నిద్రమందు. రెండోది 1963లో వాలియం పేరుతో వచ్చింది. మూడోదానికి 1981లో అమెరికాలో అనుమతి దొరికింది. చెట్టెక్కి కల్లు గీసే మనిషికీ ఈ రసాయనాల దందాకూ మధ్య చాలా దూరముంది. నింద మాత్రం ముందుగా అతని మీదే పడుతుంది.

అల్ప్రాజోలం చెడ్డ మందేమీ కాదు. మెదడులో గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచి, ఆందోళనను గంటలోపే తగ్గించగలదు. చిక్కంతా రోజూ వాడితేనే. కొన్ని వారాలకే మెదడు దానికి అలవాటు పడుతుంది. ఉన్నట్టుండి ఆపితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. కొందరికి మూర్ఛ వస్తుంది, ప్రాణమే పోవచ్చు.

2015 సెప్టెంబరులో జరిగింది ఇదే. కల్తీ కల్లుపై ప్రభుత్వం ఒక్కసారిగా విరుచుకుపడింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో ఆసుపత్రులకు జనం పోటెత్తారు. కల్లు దొరక్క పిచ్చిగా ప్రవర్తిస్తున్నారంటూ వార్తలొచ్చాయి. పిచ్చి కాదది, మందు హఠాత్తుగా ఆగిన శరీరం పడే యాతన. ఏళ్ల తరబడి మానసిక వైద్యుల మందు మింగుతున్నామని వాళ్లలో చాలామందికి తెలియదు. ఏ సీసాలో ఎంత పడిందో కలిపినవాడికీ తెలియదు.

దాడులు చేయొద్దని ఎవరూ అనరు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగి పలువురు చనిపోయాక అనే వీలూ లేదు. అయితే దుకాణానికి తాళం వేసి, తాగేవాడిని గాలికొదిలేస్తే సగం పనే చేసినట్టు. మిగతా సగం వైద్య శాఖది. ఈ అలవాటును ఎలా మాన్పించాలో వైద్యానికి ఎప్పుడో తెలుసు: ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డైజిపామ్‌కు మార్చి, మోతాదును వారాల మీద కొంచెంకొంచెంగా తగ్గించుకుంటూ రావడం. కల్తీకి వాడిన ఆ డైజిపామే డాక్టరు చేతిలో విరుగుడు కావడం విచిత్రమే!

చట్టమూ అడ్డు రాదు. 100 గ్రాముల అల్ప్రాజోలాన్నే వాణిజ్య పరిమాణంగా లెక్కగట్టే మాదకద్రవ్యాల చట్టం, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరుడికి 64ఎ సెక్షన్ కింద మినహాయింపు ఇస్తుంది. మత్తుపదార్థాల వల్ల తలెత్తే మానసిక స్థితులను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తన పరిధిలోకి తీసుకుంది. అంటే ఆసుపత్రి గడప తొక్కే కల్లు అలవాటుదారు చట్టం దృష్టిలోనూ రోగే.

ఇక్కడో మాట చెప్పకపోతే ప్రమాదం. డాక్టరు చీటీతో ఈ మందు వాడుతున్నవారు ఈ వార్తలకు బెదిరి సొంతంగా మానేయకూడదు. తగ్గించాలన్నా డాక్టరును అడిగే తగ్గించాలి. చీటీ లేకుండా అమ్మే మందుల షాపుల సంగతి వేరు. అల్ప్రాజోలం వంటి హెచ్1 షెడ్యూలు మందుకు కొన్నవారి పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టరులో ఎక్కించాల్సిందే. ఆ రిజిస్టరును తనిఖీ అధికారులు ఎంత శ్రద్ధగా తిరగేస్తున్నారో వాళ్లే చెప్పాలి.

ఇక దాడుల విషయానికొస్తే, వాటి సమాచారం ముందే బయటికి పొక్కకూడదన్న ఎక్సైజ్ శాఖ వాదన సబబే. కానీ కల్తీ ఏ మండలాల్లో ఎక్కువో ఆ శాఖకు తెలియనిది కాదు. ఆ మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ముందుగానే డైజిపామ్ నిల్వ ఉంచి, అక్కడి డాక్టర్లకు మోతాదు తగ్గించే పద్ధతి నేర్పడానికి దాడి తేదీ చెప్పక్కర్లేదు.